సార్టరు గారి సబ్జెక్టు లైను

తపాలా కార్యాలయంలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఉత్తరాలు వేరుచేసిన చేతులు రిటైరైతే మాత్రం ఊరుకుంటాయా? సార్టరు గారి చేతులూ ఊరుకోలేదు. పాత గడియారాల పిచ్చి ఉన్నవాళ్ళు నాలుగువందల మంది ఈమెయిళ్ళలో కబుర్లాడుకునే బృందం ఒకటి ఉంటే, అందులో చేరిన ఆర్నెల్లకే దాని పెత్తనం నెత్తికెత్తుకున్నారు. గడియారాల గురించి ఆయనకు తెలిసింది అంతంత మాత్రం. ఉత్తరం ఎలా ఉండాలన్నది మాత్రం ఆయన తర్వాతే ఎవరైనా.

ఆయన రాకముందు "హలో", "అర్జెంటు", "చిన్న డౌటు" అని ఎవరికి తోచింది వాళ్ళు సబ్జెక్టు లైనులో రాసేవారు. సార్టరు గారు చట్టం చేశారు. ముందు ప్రశ్నో, జవాబో, ముచ్చటో చెప్పాలి. తర్వాత గడియారం రకం, ఆ తర్వాత దాని జబ్బు. వరుస తప్పిన ఉత్తరాన్ని కంప్యూటరు ఆపి ఆయన ముందు పెడుతుంది. ఆయన ఆ ఒక్క లైను చూసి, "నియమావళి ప్రకారం లేదు, సరిచేసి పంపగలరు" అని తిప్పికొడతారు. లోపలేముందో చూడరు. "కవరు విప్పి చదవడం మా డిపార్టుమెంటులోనే లేదు" అంటారు, రిటైరై నాలుగేళ్ళయినా.

ఆయన చేతిలో అందరికంటే ఎక్కువ చీవాట్లు తిన్నది బజారులో చిన్న రిపేరు కొట్టు నడిపే గడియారాలావిడ. బేరాల మధ్య ఫోనులో టైపు చేస్తుంది. విషయం ఏదైనా సబ్జెక్టు లైను మాత్రం ఒకటే: "అన్నయ్య గారూ, బాగున్నారా?"

ఇలా ఉండగా సార్టరు గారి భార్యకు కంటి ఆపరేషను అయింది. ఆవిడ ఆసుపత్రి నుంచి వచ్చేలోగా ఇల్లు దులిపి మెప్పు పొందుదామని, ఆయన గోడ గడియారం తుడిచి, ఆగిన ముల్లును గబగబా తిప్పి పెట్టారు. అప్పట్నుంచి అది మూడింటికి ఏడు కొడుతోంది.

బుధవారం ఆవిడ ఫోను చేసింది. "ఎల్లుండి పొద్దున్న పంపించేస్తారట. రెండు వారాలు ఏదీ సరిగ్గా కనబడదన్నారు. రెండు గంటలకోసారి చుక్కలు వేసుకోవాలి. మన గడియారం కొట్టే గంటలు లెక్కపెట్టుకుని నేనే వేసుకుంటా. టైమెంత, టైమెంత అని మీ ప్రాణం తీయడం నాకిష్టం లేదు. అది బాగానే కొడుతోందిగా?"

"దానికేం, భేషుగ్గా ఉంది" అనేశారాయన. ఫోను పెట్టేసి గడియారం వంక చూశారు. ఆవిడ గొంతులో భయం ఉంది. ఆవిడ అడిగింది ఆ ఒక్కటే.

వెంటనే బృందానికి రాశారు. "ప్రశ్న: గోడ గడియారం: గంటలు తప్పు కొట్టుట." లోపల భార్య సంగతీ రాశారు. జవాబులు చక్కగా నియమం ప్రకారమే వచ్చాయి. కాకపోతే అందరూ చేతి గడియారాల వాళ్ళు. ఒకాయన లోపలి చక్రం మార్చాలన్నాడు, తెప్పించడానికి మూడు వారాలట. ఇంకొకాయన ఫొటో పెట్టమన్నాడు. మరొకాయన సబ్జెక్టు లైను ఎంత ముచ్చటగా ఉందో పొగిడి ఊరుకున్నాడు.

మధ్యలో "అన్నయ్య గారూ, బాగున్నారా?" వచ్చింది. తిప్పికొట్టారు. "అన్నయ్య గారూ, ఒక్కసారి చూడండి" వచ్చింది. తిప్పికొట్టారు. "అయ్యో అన్నయ్య గారూ!" వచ్చింది. ఒళ్ళు మండి, ఇదే ఆఖరి హెచ్చరిక అని చేర్చి మరీ తిప్పికొట్టారు.

గురువారం సాయంత్రం అయిదింటికి గడియారం తొమ్మిది కొట్టింది. అప్పుడే కంప్యూటరు ఇంకో ఉత్తరాన్ని ఆపింది. దాని సబ్జెక్టు లైను చాంతాడంత ఉంది: "మీరు లోపల చదవరు కాబట్టి ఇక్కడే రాస్తున్నా అన్నయ్య గారూ, తలుపు తీస్తే పక్కన సన్నటి తీగ వేలాడుతుంటుంది, దాన్ని పైకెత్తి వదిలితే గంటలు కొడుతుంది, ముల్లు చూపే అంకె కొట్టేదాకా ఎత్తుతూ పోండి, చక్రం గిక్రం ఏమీ మార్చక్కర్లేదు, వదిన గారు జాగ్రత్త."

అలవాటుకొద్దీ తిప్పికొట్టబోయిన వేలు ఆగింది. ఆయన లేచి గడియారం తలుపు తీశారు. తీగ ఉంది. ఎత్తితే పది కొట్టింది. మళ్ళీ ఎత్తితే పదకొండు. ఎనిమిదోసారికి అయిదు కొట్టి బుద్ధిగా ఊరుకుంది. ఆయన కుర్చీలో కూలబడి, తిప్పికొట్టిన మూడు ఉత్తరాలూ మొదటిసారి విప్పారు. మూడింటిలోనూ ఇదే మందు. మొదటిది ఆయన అడిగిన పదకొండో నిమిషంలోనే వచ్చింది.

శుక్రవారం ఆవిడ ఇంటికొచ్చి మంచమెక్కేసరికి గడియారం కొట్టడం మొదలుపెట్టింది. ఆవిడ వేళ్ళమీద లెక్కపెట్టి, "పది" అని, తడుముకుని చుక్కల సీసా తీసుకుంది. సాయం చేయబోతే వద్దంది. ఆ ముఖంలో ధీమా చూశాక సార్టరు గారికి దాచబుద్ధి కాలేదు. అబద్ధంతో సహా అంతా చెప్పేశారు.

"ఆవిడకి థాంక్స్ చెప్పారా?" అందావిడ, నవ్వు ఆపుకుంటూ.

అక్కడే కూర్చుని రాశారు. సబ్జెక్టు లైనులో "చెల్లెమ్మా, గంట కొట్టింది" అని పెట్టి పంపారు. మరుక్షణం నాలిక కరుచుకున్నారు.

"ఏమైంది?"

"ఆపేశారు."

"ఎవరు?"

"నేనే."

"మరింకేం, తిప్పికొట్టండి. రూలు రూలేగా!"

ఆయన ఆ ఉత్తరం విప్పి, ఆవిడకు కనబడదు కదా, పైకే చదివారు. "మీ ఉత్తరాలు మూడూ చదవకుండానే వెనక్కి పంపాను. క్షమించండి. మీ వదిన గంటలు లెక్కపెట్టుకుంటోంది."

ఆవిడ ఆయన చెయ్యి వెతికి పట్టుకుంది.

"బాగుంది" అంది. "ఇది పోనివ్వండి."