డబ్బాకి వచ్చిన ఒక్క మాట

కుక్కని తిప్పడమంటే చల్లగాలికి షికారు అనుకుంటారు జనం. నన్నడగండి, చెబుతాను. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గేటు దాటుతాను. ఎదురుగా మనిషి కనిపిస్తే రోడ్డు మారతాను, చెట్టు చాటుకి పోతాను, దొంగలా నక్కుతాను.

మా డబ్బాకి కొత్తవాళ్లంటే కోపం కాదు, భయం. పిల్లగా ఉన్నప్పుడు యార్డులో పాత రైలు డబ్బా కింద దొరికింది, అందుకే ఆ పేరు. అప్పటికే ఎవరో దాని వెనక కాలు విరగ్గొట్టారు. ఆ భయమే మొరుగుడై, పళ్లై బయటికొస్తుంది. ఈ సంగతి ఎవరికి చెప్పినా "బాంధ్ కే రఖో" అంటారు. కట్టే ఉంచాను మహాప్రభో! నా చేతిలో ఉన్నది తాడు కాక పామా?

పోయిన నెల పాలవాడి పంట్లాం చించింది. కాలనీ పెద్దలు మా క్వార్టర్ ముందుకొచ్చారు. మా ఆయన జయప్రకాష్ చేతులు జోడించి, ఇంకొక్కసారి ఎవరినైనా కరిస్తే ఊరికి దూరంగా బిల్హాలో వదిలేస్తానని మాటిచ్చేశాడు. నన్నొక్క మాటైనా అడగలేదు. నా మంచం పక్కన పడుకుంటే తప్ప డబ్బాకి నిద్ర పట్టదు. నాకూ పట్టదు.

ఆ రోజు నుంచి దానికి ఒకే మాట నేర్పాను. "ఆగు" అంటే ఎక్కడిదక్కడ కూర్చోవాలి. "పద" అన్నాకే లేవాలి. ఆగినప్పుడల్లా ఉడికిన గుడ్డు ముక్క. మా అత్త అప్పలకొండ గుమ్మంలో కూర్చుని నవ్వేది.

"కుక్కని నువ్వు తిప్పుతున్నావేటే, కుక్క నిన్ను తిప్పుతోందేటే? గుడ్డు దానికెట్టి, నా కొడుక్కి పచ్చడేత్తన్నావు."

"మీ అబ్బాయి ఆగమంటే ఆగుతాడేటి అత్తా? ఇది ఆగుతాది."

ఇంటి ముందు ఆగేది. పిల్లి కనిపించినా ఆగేది. మనిషి ఎదురైతే మాత్రం నా మాట దాని చెవికెక్కేది కాదు.

ఆ సాయంత్రం రైల్వే షెడ్డులో డ్యూటీ వదిలే వేళ. రోడ్డు నిండా జనమని క్వార్టర్ల వెనక సందులోకి వెళ్లాను. ఎవరో ఎండుటాకులు పోగేసి అంటించి వెళ్లినట్టున్నారు, పొగ వస్తోంది. మూల తిరగగానే పక్క లైన్లో ఉండే తివారీజీ, చేతిలో కూరల సంచీతో ఎదురొచ్చారు. డబ్బా ఎగిరింది. తాడు లాగిన లాగుడికి నా అరచెయ్యి చీరుకుపోయింది.

"ఆగు! ఆగు! ఆగు!" గొంతు చించుకున్నాను.

ఆగింది. ఒట్టు, ఆగింది! మనిషి ఎదురుగా ఉండగా కూర్చుంది. ఒళ్లంతా వణికిపోతూ నా మొహంలోకి చూసింది. నాకు ఏడుపొచ్చేసింది. నా తల్లే, నా బంగారమే అంటూ గుడ్డు ముక్క కోసం తడుముకున్నాను.

ఇంతలో తలుపులు ధడాధడా తెరుచుకున్నాయి. "ఆగ్ లగీ హై! కహాఁ? పానీ లావో!" బకెట్లతో జనం పరుగెత్తుకొచ్చారు. ముందు నాకేమీ అర్థం కాలేదు. తర్వాత నెత్తిన పిడుగు పడింది. నా "ఆగు" వాళ్ల చెవుల్లో "ఆగ్" అయింది. ఇంతసేపూ నేను నిప్పు నిప్పని అరిచానన్నమాట! రోజూ హిందీలో కూరలు బేరమాడే దాన్ని, ఇంత చిన్న సంగతి నా మట్టిబుర్రకి తట్టలేదు.

"ఆగ్ నహీఁ హై! పీఛే హటో, కుత్తా డర్తా హై!" అని అరిచాను, నిప్పు లేదు, వెనక్కి జరగండి, కుక్క భయపడుతుందని. ఎవరు వింటారు? బకెట్ నీళ్లు సగం ఆకుల మీద, సగం డబ్బా మీద పడ్డాయి. చుట్టూ కాళ్లు, కేకలు. అయినా అది లేవలేదు. "పద" అని నేను చెప్పలేదు కదా. తివారీజీ పాపం, నన్ను మంటకి దూరంగా లాగుదామని నా చెయ్యి పట్టుకున్నారు.

అప్పుడు కరిచింది.

తివారీజీకి సూది మందు వేయించడానికి నేనే వెంట వెళ్లాను. ఆయన తిట్టలేదు. కట్టు కట్టిన చెయ్యి చూసుకుంటూ, "మేడమ్, ఆప్ నే హీ తో బులాయా థా" అన్నారు. మీరే కదా పిలిచారు అని. తిట్టినా బాగుండేది.

ఇంట్లో జయప్రకాష్ కాళ్లు పట్టుకున్నాను. "అది ఆగింది. నిజంగా ఆగింది. నా మాట నమ్ము."

"నమ్ముతాను మాధవీ. దాని గల్తీ కాదు. కానీ కరిసింది కదా, నేనేటి సెయ్యను? అందరి ముందూ మాటిచ్చాను."

ఆదివారం డబ్బాని తీసుకుని బయల్దేరుతుంటే అత్త నవ్వలేదు. గుడ్డు ఉడికించి, కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది.

బిల్హా బయట వరిపొలాల మధ్య ఇల్లు. జయప్రకాష్‌తో పనిచేసే సాహూ వాళ్ల అన్నది. మంచివాడే. కొత్త మనుషులు రారు, విప్పే ఉంచుతానన్నాడు. ఏ మాట వింటుందని అడిగాడు.

"ఆగు."

"ఆగ్?" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

దాన్ని వదిలి మేం గట్టు మీద తిరిగి నడుస్తుంటే డబ్బా కుంటుకుంటూ వెనకే పరుగెత్తుకొచ్చింది. ముందు లారీల రోడ్డు. జయప్రకాష్ మేం వచ్చిన వ్యాన్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు, నా వైపు చూడలేదు. నేను వెనక్కి తిరిగాను.

"ఆగు" అన్నాను. ఈసారి ఎవరూ పరుగెత్తుకు రాలేదు.

ఆగింది. గట్టు మీద కూర్చుని నా చేతుల వైపు చూసింది. గుడ్డు కాగితంలోనే ఉంది. దగ్గరికెళ్లి పెడితే మళ్లీ వదల్లేను. వ్యాన్ ఎక్కేశాను.

బండి కదిలింది, మలుపు తిరిగింది. అది లేవలేదు. "పద" అని నేను చెప్పలేదు కదా.