పిడికెడు గోదా మట్టి

వంటింటి గడప దాటితే వాకిలి ఉండాలి. కానీ అంజవ్వ దాటేసరికి తాలింఖానా ఉంది, దాని నడుమ కుస్తీలు పట్టే గోదా ఉంది, గోదాలో లంగోటీ కట్టుకుని ఆమె పెనిమిటి రాజేశం పహిల్వాన్ పార పట్టి మట్టి తవ్వుతున్నాడు. నిన్ననే కదా ఇతన్ని కాటికి పంపింది అని గుర్తున్నా ఆమెకు అదేమీ వింతగా తోచదు. మంచాన పడ్డ ముసలి ఒళ్లు కాదిది, జిల్లాలో ఎవడూ వీపు నేలకు తాకించలేని ఆ పాత మనిషే.

పొద్దున్నే గోదా గుల్ల చేయడం పహిల్వాన్లకు మామూలే. కానీ ఇతను మోకాలి లోతు దాటి, నడుము లోతు దాటి తవ్వుతూనే ఉన్నాడు, పసుపూ నూనే కలిసిన ఆ మట్టిని గుప్పిట పట్టి వేళ్ల సందుల్లోంచి వదిలి చూస్తున్నాడు.

"ఏం దేవులాడుతున్నవయ్యా?"

"నీలను," అంటాడు తలెత్తకుండా. "యాడ పెట్టిండ్రో ఎవ్వడు చెప్తలేడు."

పెద్ద కుస్తీకి ముందు పహిల్వాన్ ఇల్లు విడిచి తాలింఖానాలోనే పడుకోవాలి, ఇంటి కబురేదీ చెవిన పడకూడదు. ఆ కట్టడి పెట్టిన మహానుభావుడెవరో గానీ, పాలు మానని పాప నీలకు జ్వరం రావచ్చని మాత్రం ఆలోచించినట్టు లేదు. ఏళ్ల కిందట అలాంటి ఓ కుస్తీకి ముందు పాప పోతే, ఆ కబురును తాలింఖానా నడిపే ఉస్తాద్ గుమ్మం దగ్గరే ఆపేశాడు. బిడ్డను అంజవ్వ తమ్ముడు కొంరయ్య ఎత్తుకెళ్లి పూడ్చి వచ్చాడు. గెలిచిన వెండి గద భుజాన వేసుకుని బాజాలతో ఇంటికొచ్చిన రాజేశానికి ఖాళీ ఉయ్యాల కనిపించింది. ఆ రోజు నుంచి ఆ పేరు ఇద్దరూ ఎత్తలేదు. ఎత్తితే రెండో మనిషి తట్టుకోలేదేమోనని ఇద్దరికీ భయం.

"కుస్తీకి ముంగట ఎదుటోని ఒంటికి పట్టు దొరకాలని మట్టి చల్లుతం గదా," అంటాడు రాజేశం. "పగోని మీద గూడ చల్లిన. నా బిడ్డ మీద పిడికెడు ఎయ్యలే."

"నేను మాత్రం ఏసిన్నా? ఆడోళ్లు రావద్దని గడపకాడనే ఆపిరి."

అతను మొదటిసారి ఆమె వంక చూస్తాడు. "నువ్వు గూడ పోలేదా? నువ్వన్న కండ్లార చూసినవనుకున్ననే, ఇన్నేండ్లు."

"నన్నెప్పుడన్న అడిగినవా?"

అతను చెయ్యి చాపి, "దిగు," అంటాడు. ఆడమనిషి గోదాలో కాలు పెట్టకూడదు, అది ఆమెకు తెలుసు, అతనికీ తెలుసు, అయినా ఆ చెయ్యి పట్టుకుని దిగుతుంది, కాళ్ల కింద మట్టి చల్లగా ఉంటుంది, తవ్విన గొయ్యేమో ఉయ్యాలంత చిన్నదైపోయి ఉంటుంది. అతను ఆమె గుప్పిట్లో మట్టి పోసి వేళ్లు మూస్తాడు.

"నా వంతుది గూడ నువ్వే ఎయ్యి," అని, ఎవడూ పడగొట్టకుండానే, అలిసిన మనిషిలా మట్టికి వీపు ఆనించి పడుకుంటాడు.

మధ్యాహ్నపు ఎండ మొహం మీద పడి అంజవ్వకు మెలకువ వచ్చింది. నిన్న శవాన్ని పడుకోబెట్టిన చోటే, కటిక నేల మీద ఒరిగి నిద్రపోయింది. కుడి గుప్పిట బిగిసి ఉంది. విప్పి చూస్తే మట్టి. నిన్న శిష్యులు రివాజు ప్రకారం పహిల్వాన్ ఒంటికి పూసిన గోదా మట్టి నేల మీద రాలింది, ఇంకా పసుపు వాసన పోలేదు. కన్నీళ్లు ఆగక, అలాగే ఏడుస్తూ ఆ మట్టిని కొంగున ముడి వేసుకుని బయటికొచ్చింది.

అరుగు మీద కొంరయ్య కునుకు తీస్తున్నాడు.

"తమ్మీ, నీలను పెట్టిన జాగ యాదికున్నదా?"

కొంరయ్య ఉలిక్కిపడి లేచాడు. "యాదికున్నదక్కా. కని దినాలు కాకముందు నువ్వు గడప దాటద్దు."

"అప్పుడొకపారి ఆగిన. ఇగ ఆగ."

అతను ఆమె కొంగు ముడి వైపు చూసి, చెప్పులు వెతుక్కున్నాడు.