పదిహేడు సైగలు

టీచరునవుతానని ఆ అమ్మాయి ఇంట్లో చెప్పిన రోజు అందరికంటే ఎక్కువ నవ్వింది నాయనమ్మ. నవ్వీ నవ్వీ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది.

"నువ్వా? హాజరు పిలవాలన్నా నోరు తెరవాలే తల్లీ! నువ్విలా బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటే పిల్లలు నిన్ను బల్ల అనుకుని నీ మీద పలకలు పెట్టేస్తారు."

అందులో అబద్ధమేమీ లేదు. పల్లెటూరి బడిలో పదేళ్ళు చదివినా ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో సగం మంది మాస్టర్లకు తెలియదు. జవాబు తెలిసినా తల దించుకునేది. చెప్పాలనుకున్నవన్నీ ఇంటికొచ్చి డైరీలో రాసుకునేది. అయినా సరే, ట్రైనింగులో చేరాలంటే ముందు ఏదైనా చిన్నపిల్లల బడిలో రెండు నెలలు జీతం లేకుండా పనిచేసి ఉత్తరం తేవాలన్నారని, రోజూ బస్సెక్కి పట్నంలో ఒక నర్సరీకి వెళ్ళడం మొదలుపెట్టింది.

మందుల షాపు వెనక రెండు గదుల బడి అది. దాన్ని నడిపే పెద్ద టీచరు, ఒక ఆయా, ఇరవై ఒక్కమంది పిల్లలు. వెనక గదిలో నడుమెత్తు గోడ, దాని అవతల కుళాయి, రంగు గిన్నెలు కడిగే తొట్టి. మంచినీళ్ళ కూజా పిల్లలకు అందని అరుగు మీద ఉండేది. ఎవరికి దాహమేసినా అడగాల్సిందే.

అడగనిది ఒక్కతే. నాలుగేళ్ళు దాటిన పిల్ల. గింజలేరినట్టు తింటుందని ఆయా దానికి పిచ్చుక అని పేరు పెట్టింది. వాళ్ళ నాన్న వెల్డింగు పని చేస్తాడు. ఎప్పుడు చూసినా కళ్ళు ఎర్రగా ఉంటాయి.

"ఇంట్లో వసపిట్ట మేడమ్ గారూ! వాళ్ళమ్మ చెవుల్లో దూది పెట్టుకోవాలి. గడప దాటిందంటే చాలు, నోటికి తాళం వేసేస్తుంది," అన్నాడు ఒక సాయంత్రం.

పెద్ద టీచరు ఉన్నమాట చెప్పింది. రెండు నెలల్లో పెద్ద బడి వాళ్ళు పిల్లల్ని పిలిచి ఒక్కొక్కర్నీ విడిగా కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. పేరు చెప్పాలి, ఏం కావాలో అడగాలి. ఆమాత్రం చెయ్యకపోతే రెండు బస్సులు మారి వెళ్ళాల్సిన మాటలు రాని పిల్లల బడికి రాసిస్తారు.

"నా కూతురికి మాటలొచ్చు మేడమ్. వచ్చని ఎలా చూపించను?" అన్నాడతను. అని, చేతిలో ఉన్న చిన్న చెప్పుల జతని అటూ ఇటూ తిప్పుతూ నిలబడిపోయాడు.

ఆ మాట అమ్మాయికి గుచ్చుకుంది. వేరేవాళ్ళకి ఎలా ఉంటుందో గానీ, ఆ పిల్ల మౌనం ఆమెకి పుట్టిల్లు లాంటిది. మర్నాటి నుంచి పిచ్చుక పక్కనే కూర్చుంది. మాట్లాడించలేదు. చూసింది, అంతే. మూడో రోజుకి తెలిసింది, పిల్ల ఎడమ చెవి పట్టుకుంటే దాహమని. కాలి బొటనవేలు నేలకేసి రాస్తే బాత్రూముకని. గౌను అంచు మెలితిప్పితే ఎవరో తన రంగు పెన్సిలు లాక్కున్నారని. పిల్ల చెయ్యి చెవి దాకా వెళ్ళేసరికి గ్లాసు ముందుండేది. తన ముక్కు తుడవడానికి జేబురుమాలు ఇలా చూపిస్తే అలా వచ్చి మొహం ఎత్తి నిలబడేది పిచ్చుక. కథ చెప్పే వేళకి ఒళ్ళోకొచ్చి కూర్చునేది, సొంత కుర్చీలో కూర్చున్నంత ధీమాగా.

"అక్కా, పిచ్చుకకి నాలుక లేదా?" అని అడిగాడు మైకు. వాడి నోరు నిద్రలో కూడా మూతపడదని ఆ పేరు.

"ఉందిరా."

"అవున్లే. నిన్న నన్ను వెక్కిరించింది. ఇంత పొడుగుంది."

అమ్మాయి నవ్వింది. తన జీవితంలో అంత నవ్విన రోజులు లేవు. ఇంటికెళ్ళి డైరీలో ఒక్కో సైగకీ ఒక్కో లైను రాసింది. నెల తిరిగేసరికి పదిహేడయ్యాయి. పదిహేడోది కష్టపడి కనిపెట్టింది. పిల్ల రెండు వేళ్ళు బుగ్గకి ఆనిస్తే, అమ్మ గుర్తొచ్చిందని.

ఆ డైరీని ఎవరికీ చూపించి ఎరగదు. అలాంటిది, పెద్ద టీచరుకి ఇచ్చింది. పెద్ద టీచరు నిలబడి చదివింది. తర్వాత పిల్లల కుర్చీలో కూర్చుని మళ్ళీ చదివింది.

"ఎంత బాగా గమనించావమ్మా! ఇన్నేళ్ళ సర్వీసులో నేను ఇలా రాసుకోలేదు," అంది. ఆఖరి పేజీ తిప్పి, "మరి ఈ పుస్తకం పెద్ద బడివాళ్ళకి ఇచ్చి పంపుదామా?" అంది.

అమ్మాయి సరేనని తలూపబోయి ఆగిపోయింది.

"నువ్వు రాకముందు పిచ్చుక ఎప్పుడైనా పెదవులు కదిపేది. శబ్దం వచ్చేది కాదు, గాలే. అయినా కదిపేది. ఇప్పుడదీ లేదు. నేనూ చూస్తూ ఊరుకున్నాను, పిల్ల ఏడవట్లేదు కదా అని. తప్పు నాది కూడా." పెద్ద టీచరు డైరీ మూసి ఇచ్చేసింది. "అడక్కుండానే అన్నీ వస్తుంటే దానికి మాటతో పనేముంది చెప్పు?"

"ఏం చెయ్యమంటారు మేడమ్?" అంది అమ్మాయి.

"రేపట్నుంచి గోడవతల పని చెయ్యి. అది చూసినా నువ్వు చూడకు. చూసినా అర్థం కానట్టుండు. మనకింక ఇరవై రోజులే ఉన్నాయి."

మర్నాడు పిచ్చుక ముందు వెతుక్కుంది. గోడ మీద నుంచి అమ్మాయి తల కనబడగానే కుదుటపడి ఎడమ చెవి పట్టుకుంది. అమ్మాయి రంగు గిన్నె తోముతోంది. ఎర్రరంగు ఎప్పుడో పోయింది, అయినా తోముతూనే ఉంది. పిల్ల చెవి పట్టుకునే ఉంది. పక్కవాళ్ళకి నీళ్ళిస్తుంటే ఆయా దానికీ ఇచ్చింది.

పన్నెండు దాటాక పిల్ల బొటనవేలు నేలకి రాయసాగింది. ఒకసారి, రెండుసార్లు, ఆపకుండా. అమ్మాయి కుళాయి ఇంకా గట్టిగా తిప్పింది. తలెత్తేసరికి పిల్ల కాళ్ళ చుట్టూ తడి. పిచ్చుక ఏడవలేదు. ఆ తడిలోనే నిలబడి గోడ వైపు చూస్తోంది.

"ఛీ, పాస్!" అన్నాడు మైకు.

"నీ సంగతి చెప్పమంటావా, పోయిన వారం నీ నిక్కరు ఎవరుతికారో?" అని ఆయా వాడి నోరు మూయించి, పిల్లనెత్తుకుని బట్టలు మార్చింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఇక వెళ్ళనంది అమ్మాయి. నాయనమ్మ వేళాకోళం చేస్తుందనుకుంది. ఆమె నవ్వలేదు. జరిగిందంతా విని చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"చిన్నప్పుడు నువ్వు అడిగేదాకా నేను ఆగేదాన్ని కాదు. నీ చూపు ఎటుపోతే అది తెచ్చి నీ చేతిలో పెట్టేదాన్ని. మీ అమ్మ తిట్టేది కూడాను, దాన్ని నోరెత్తనివ్వండత్తయ్యా అని. నేను వినలేదు. ముద్దొచ్చేదానివి మరి." అని లేచి, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

అమ్మాయి వెనకే వెళ్ళి ఆమెకి పక్క పరిచింది.

మర్నాడు బస్సెక్కింది.

నాలుగోరోజు పిచ్చుక నేరుగా గోడ చుట్టూ తిరిగి లోపలికొచ్చేసింది. అమ్మాయి ఎదురుగా నిలబడి చెవి పట్టుకుంది. వాకిట్లో ఆడి వచ్చింది, పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"ఏంటమ్మా?" అంది అమ్మాయి.

పిల్ల చెవి గట్టిగా లాగింది.

"చెవి నొప్పా?"

పిల్ల ఇంకా గట్టిగా లాగింది. చెవి కందిపోయింది. కళ్ళు అమ్మాయి మొహం మీంచి కదల్లేదు.

"ఏమో మరి. నాకు తెలీట్లేదు," అంది అమ్మాయి.

పిల్ల చెయ్యి మెల్లగా దించింది. కాసేపు అలాగే చూసింది. వెనక్కి తిరిగి అరుగు దగ్గరికి నడిచింది. అక్కడ ఆయా పలకలు తుడుస్తోంది. పిల్ల ఆమె కొంగు లాగింది. ఆయాకి ముందే చెప్పి ఉంచారు, ఆమె తల తిప్పలేదు. మళ్ళీ లాగింది.

"నీళ్ళు."

ఆ గొంతు అంత బొంగురుగా ఉంటుందని అమ్మాయి అనుకోలేదు. మనసులో దానికి సన్నని గొంతు ఊహించుకుంది ఇన్నాళ్ళూ.

ఎవరూ హడావుడి చేయకూడదని పెద్ద టీచరు మాట. ఆయా రోజూ వినే మాట విన్నట్టే కూజా వంచి గ్లాసు నింపి ఇచ్చింది. సగం నీళ్ళు మాత్రం గచ్చు మీద ఒలికాయి. పెద్ద టీచరు కిటికీ వైపు తిరిగి నిలబడింది. పిచ్చుక గుక్కతిప్పుకోకుండా తాగి, గ్లాసు ఇచ్చేసి, అమ్మాయి పక్కనుంచే వెళ్ళింది. బల్ల పక్కనుంచి వెళ్ళినట్టు.

ఆ తర్వాత మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. "ఇంకొంచెం." "అది నాది." ఒకరోజు మైకుని "నోర్ముయ్" అంది. వాడు నిజంగానే మూశాడు. ఆయా కడుపు పట్టుకుని నవ్వింది. కథ వేళకి పిచ్చుక తన కుర్చీలో కూర్చునేది. జేబురుమాలు చూపిస్తే మొహం తిప్పేసుకునేది.

పెద్ద బడికి వెళ్ళొచ్చిన రోజు వాళ్ళ నాన్న పరిగెత్తుకుంటూ వచ్చాడు. "పేరు చెప్పింది మేడమ్ గారూ! చలేస్తోంది, ఫ్యాను ఆపండని వాళ్ళకే చెప్పింది! తీసుకుంటామన్నారు." అమ్మాయి వైపు తిరిగి చేతులు జోడించాడు. "మీ దయమ్మా. మావాడు... కాదు కాదు, మా అమ్మాయి... ఏం మాట్లాడుతున్నానో నాకే తెలీట్లేదు," అని నవ్వుతూ ఏడ్చాడు. అమ్మాయి తల దించుకుంది.

ఆఖరి రోజు పెద్ద టీచరు ఉత్తరం రాసిచ్చింది. అందులో "ఓర్పు" అన్న మాట రెండుసార్లు ఉంది. అమ్మాయి సంచీ తగిలించుకుని, చెక్కముక్కలు పేరుస్తున్న పిచ్చుక దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది.

"వెళ్ళొస్తానమ్మా. రేపట్నుంచి నేను రాను."

పిల్ల చెక్క మీద చెక్క పెట్టింది. ఇంకోటి పెట్టింది. తలెత్తకుండానే ఆ బొంగురు గొంతుతో అంది.

"నీకు తెలుసు."

ఏం తెలుసని అమ్మాయికి అడగాల్సిన పని లేకపోయింది; ఆ రోజు కందిపోయిన చెవి కళ్ళముందే ఉంది. పెద్ద టీచరు చెప్పిన కారణాలన్నీ ఉన్నాయి, అన్నీ నిజాలే. నాలుగేళ్ళ పిల్లకి అందులో ఏది చెప్పాలో ఏ ట్రైనింగులో నేర్పుతారో ఆమెకి తెలియదు.

"ఊఁ," అంది. "తెలుసు."

పిల్ల తలూపింది. అంతసేపూ ఆ ఒక్క మాట కోసమే చూస్తున్నట్టు ఊపి, పక్కకి జరిగి, మైకుని పిలిచి పొడుగు చెక్క అందుకోమంది. వాడు అందించాడు.

అమ్మాయి లేచి, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంది. మందుల షాపు సందులోంచి రోడ్డు మీదికి వచ్చేదాకా లోపల వాళ్ళిద్దరూ ఏదో వాదించుకుంటున్న చప్పుడు వినపడుతూనే ఉంది. బస్సొచ్చింది. ఎక్కడికని కండక్టరు రెండుసార్లు అడగాల్సి వచ్చింది.