నడివేలు లేని చెయ్యి

వేడినీళ్ల తొట్టి మూత తీసి చూస్తే, లావుపాటి కొత్త గొట్టం మీద ఒక చెయ్యి కనిపించింది. తుప్పు రంగులో అరచెయ్యి, బొటనవేలు, మూడు వేళ్లు. నడివేలు చోటు మాత్రం నున్నగా మెరుస్తోంది.

నాకు ఒళ్లు జలదరించింది. హోసూరులో మా షెడ్డు చేసే పని ఒక్కటే. అణు రియాక్టర్ల కోసం తయారైన కొత్తరకం ఉక్కు గొట్టాలను మెరుగుపెట్టి, తుప్పును తట్టుకుంటాయో లేదో మరిగే నీళ్లలో ఉంచి చూడటం. చెమటలో ఉండే ఉప్పు చాలు ఆ పరీక్ష చెడటానికి. అందుకే అందరికీ గ్లౌజులు. ఇక్కడ నడివేలు లేని మనిషి ఒక్కడే ఉండేవాడు, మెరుగుపెట్టే రాజప్ప. పోయిన నెల కుందారపల్లి దగ్గర లారీ గుద్ది పోయాడు. ఈ గొట్టం మా షెడ్డుకు వచ్చింది ఆ తర్వాతే.

ఇప్పుడు ఆ పని అతని కూతురు శోభన చేస్తోంది. ఓనరు ఉపేంద్ర దయ్యాల మాటే ఎత్తలేదు. ఓనర్లకు దయ్యాలు కనిపించవు, రిజెక్షన్లే కనిపిస్తాయి.

"రంజితమ్మా, ఇంకొకటి ఇట్లయితే ఆ పాపను నిలిపేస్తాను," అన్నాడు పరీక్షలు చూసే నాతో.

వాళ్లింట్లో సంపాదించేది ఆ పిల్ల ఒక్కతే. పిలిచి గద్దించాను.

"ఒట్టి చేత్తో ముట్టినావా?"

"లేదక్కా, గ్లౌజు వేసుకొనే పట్టినాను." జేబులోంచి తీసి చూపింది. మాసిపోయిన నూలు గ్లౌజు. నడివేలు దగ్గర కత్తిరించి కుట్టేసి ఉంది. "నాయనది. వేలు మడుచుకొని తొడుక్కుంటా. ఆయన చెయ్యి తోడుంటాదని."

ఏళ్ల తరబడి రాజప్ప చెమట ఇంకిన గుడ్డ! భయం పోయి కోపం వచ్చింది.

"దయ్యమూ కాదు, నీ తలకాయా కాదు, ఉప్పు! రేపటినుంచి కొత్తది తొడుక్కో. ఇది ఉతికి దాచుకో."

"ఉతికితే నాయన పోతాడు కదక్కా," అంది. "అయితే ఆ గొట్టం నాకియ్యి," అని అడిగింది. పాడైన ముక్కే కదా అని ఇప్పించాను.

తర్వాతి గొట్టం మచ్చ లేకుండా వచ్చింది. పని దక్కింది, ఆ పిల్ల నవ్వుతుందనుకున్నాను. గొట్టమంతా తడిమి చూసి మొహం తిప్పుకుంది.

ఉండబట్టలేక ఒక ఆదివారం జూజువాడిలో వాళ్లింటికి పోయాను. గొట్టం గోడకు ఆనించి ఉంది. పక్కన చెంబులో ఉప్పునీళ్లు. చెయ్యి ఇప్పుడు మణికట్టు దాటి మోచేతి దాకా పాకింది. శోభన గుడ్డ ముంచి, దాని పైఅంచున మెల్లగా అద్దుతోంది.

"ఇంతవరకే వచ్చినాడక్కా," అంది తల తిప్పకుండా. "నువ్వు చదువుకున్నదానివి కదా, చెప్పు. మొహం రావాలంటే ఇంకెన్నాళ్లు పడతాది?"