దొరబాబు మకాం

నేను ఒక పంజరాన్ని. ఈ గులాబీరంగు చూసి మోసపోకండి, నేను పుట్టింది కోళ్ల కోసం. బెజవాడ ఆటోనగర్‌లో కిటికీ గ్రిల్స్ చేసే ఒక షెడ్డులో, మిగిలిపోయిన సన్న చువ్వలు దండగపోకూడదని నన్ను వెల్డింగ్ చేశారు. పక్కలా చువ్వలే, అడుగునా చువ్వలే. రెట్టలు కిందికి జారిపోవాలి కదా మరి!

మొదటి కొలువు ఒక చికెన్ కొట్టు ముందు. అక్కడ నాలోకి వచ్చినవాళ్లతో స్నేహం కుదిరేది కాదు. పొద్దున పరిచయం, మధ్యాహ్నానికి వీడ్కోలు. ఆ కొట్టు దగ్గర నేను నేర్చుకున్న విద్య ఒక్కటే, తొంగిచూసే మనుషుల చూపు చదవడం. ముద్దు కోసం చూసేవాళ్లు ముందు కళ్లు చూస్తారు. కూర కోసం చూసేవాళ్లు ముందు తొడ చూస్తారు.

కొట్టు పెద్దదయ్యాక నన్ను పెంపుడు జంతువుల షాపువాడికి అమ్మేశారు. అతగాడు నాకు గులాబీరంగు పూసి, మెడలో రిబ్బను కట్టి, 'రాబిట్ విల్లా' అని అట్టముక్క తగిలించాడు. "ఫారిన్ మోడల్ సార్, ఇలాంటిది ఊళ్లో ఇంకోటి లేదు" అని వచ్చినవాళ్లకి చెబుతుంటే నాకే సిగ్గేసేది. అయినా నోరెత్తలేదు. ఊరికే హోదా పెరుగుతుంటే ఎవరు వద్దంటారు?

నన్ను కొన్నది భీమేశ్వరరావుగారు. నీటిపారుదల ఆఫీసులో ఉద్యోగం, మూడో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు. బదిలీ మీద వెళుతున్న స్నేహితుడు అప్పగించిపోతే ఒక తెల్ల కుందేలును అట్టపెట్టెలో ఇంటికి తెచ్చారాయన. పేరు దొరబాబు. దొరబాబు ఆ పెట్టెలో నిద్రపోయి, లేచి, ఆ పెట్టెనే ఫలహారం చేశాడు. తరవాత చీపురు, ఆ తరవాత సోఫా కాలు. 'ఇల్లు ఇరకటం' అనే సామెతలో మొదటి సగం మాత్రమే భీమేశ్వరరావుగారు పైకి అనేవారు. రెండో సగానికి భార్య వింటుందని భయం.

ఆ భార్య హైమావతిగారు నన్ను చూడగానే గడువు పెట్టేశారు.

"ఇదిగో ఏమండీ, ఆదివారంలోగా ఆ కుందేలుకి ఒక చోటు కుదరాలి. కుదరకపోతే దాన్ని కింద చలపతిగారికి ఇచ్చేస్తాను. ఆయన ఎప్పట్నించో అడుగుతున్నారు."

"అలాగే హైమా" అన్నారాయన బిక్కచచ్చిపోయి. పాపం, రోజూ ఆఫీసు నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా దొరబాబు నుదురు నిమిరే మనిషి!

ఆ సాయంత్రమే చలపతిగారు మెట్లెక్కి వచ్చారు. రైల్వేలో చేసి రిటైరైన పెద్దమనిషి, మాట తేనె. నా ముందు గొంతుక్కూర్చుని, "ఎన్ని కేజీలు తూగుతాడండీ?" అన్నారు. ఆయన చూపు దొరబాబు కళ్ల మీద లేదు. నా చువ్వలు జల్లుమన్నాయి. చెబుదామంటే నాకు నోరేది?

ఇక చోటు నిర్ణయించడానికి హైమావతిగారి అన్నయ్య పూర్ణచంద్రరావుగారు దిగారు. ఆయనకి వాస్తు పిచ్చి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. ఇక్కడ కుందేలు నాలుగు కాళ్లతో కళ్లెదుటే ఉన్నా, మాట మాత్రం ఆయనదే. ఫోనులో దిక్సూచి పెట్టుకుని ఇల్లంతా గిర్రున తిరిగి, "పశువుల కొట్టం వాయవ్యంలో ఉండాలి బావగారూ. తిరుగులేదు" అని తేల్చారు.

వాయవ్యం అంటే ఆ ఫ్లాటులో పడమటి బాల్కనీ మూల. ఇల్లు శుభ్రంగా ఉంటుందని హైమావతిగారు సరేనన్నారు. ఎండ పడుతుందేమోనని భీమేశ్వరరావుగారు గొణిగారు గానీ, భార్య అన్నగారి ముందు ఆయన గొణుగుడు ఎప్పుడూ పెదవి దాటదు. నన్ను తీసుకెళ్లి ఏసీ బయటి పెట్టె ఎదురుగా పెట్టారు.

బెజవాడ వేసవి గురించి మీకు వేరే చెప్పాలా? పొద్దున పూట ఫరవాలేదు. అడుగు చువ్వల మీద నిలబడలేక దొరబాబు ఒక కాలు మార్చి ఒక కాలు వేసేవాడు, అంతే. శనివారం మధ్యాహ్నం పూర్ణచంద్రరావుగారు భోంచేసి, హాల్లో ఏసీ వేయించుకుని పడుకున్నారు. లోపల ఆయన చల్లబడుతున్నకొద్దీ బయట ఆ పెట్టె సెగ మా మీద ఊదింది. పైన ఎండ, ఎదుట సెగ. దొరబాబు నోరు తెరుచుకుని అడ్డంగా పడిపోయాడు. వాడి డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. గడియ నాదే, కానీ తీయడం నా చేతిలో లేదు. పట్టి ఉంచడం తప్ప ఏమీ రాని నా పుట్టుక మీద నాకే అసహ్యం వేసింది.

ఆరేసిన చీర తీయడానికి హైమావతిగారు వచ్చారు. మోచేయి నాకు తగిలి చురుక్కుమంది. "అమ్మో" అంటూ వంగి చూశారు. చీర అక్కడే పడేసి, గడియ లాగి, వాణ్ణి ఒళ్లోకి తీసుకుని లోపలికి పరుగెత్తారు. తడిగుడ్డతో చెవులు తుడుస్తూ ఆవిడ వేసిన కేక నాకు బాల్కనీలోకి వినిపించింది.

"లే అన్నయ్యా! వాయవ్యం అన్నావు సరే, ఏసీ వెనకాల అని ఏ శాస్త్రంలో ఉంది?"

"ఏసీ పెట్టెని వాయవ్యంలో పెట్టించిందీ నేనేనమ్మా" అన్నారాయన నిద్రమత్తులో, గర్వంగా. "గాలికి అదే దిక్కు."

కాసేపటికి దొరబాబు తేరుకున్నాడు. ఒళ్లోంచి జారి దివాన్ మంచం కిందికి దూరి, చల్లటి గచ్చు మీద బోర్లా పడుకున్నాడు. గోడ వెనక, తల మీద కప్పు, ముందు ఇల్లంతా కనబడుతూ. మనుషులు దిక్సూచితో వెతికిన చోటు వాడు పొట్టతో కనుక్కున్నాడు. భీమేశ్వరరావుగారు ఆఫీసు నుంచి వచ్చి, విషయం విని, మంచం కింద పాత దుప్పటి పరిచి, మూలన ఒక బేసిన్లో ఎండుగడ్డి వేశారు. అవసరాలకి వాడు ఆ బేసిన్లోకే వెళ్లడం చూసి ఆయన కళ్లు తుడుచుకున్నారు.

సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. ఆదివారం పొద్దున హైమావతిగారి సీరియల్ మంచి పట్టు మీద ఉండగా టీవీ ఆగిపోయింది. వైఫై తీగ రెండు ముక్కలు. మంచం కింద దొరబాబు నములుతున్నాడు. భీమేశ్వరరావుగారు తీగ ముక్కలు వీపు వెనక దాచుకున్నారు. సరిగ్గా అప్పుడే గంట మోగింది. చలపతిగారు, చేతిలో సంచీతో.

"ఆదివారం కదమ్మా, పట్టుకెళదామని వచ్చాను. మీకెందుకు ఈ బాధ?"

హైమావతిగారు సంచీ అందుకుని లోపలికి చూశారు. "కొత్తిమీర ఎవరికండీ?"

"వాడికేనమ్మా, వాడికే. ఇష్టంగా తింటాడని."

"మరి అల్లం?"

హైమావతిగారు కొత్తిమీర కట్ట మాత్రం తీసుకుని సంచీ ఆయన చేతికిచ్చారు. "మావాడికి ఇక్కడ చోటు కుదిరిందండీ. మీరు ఆ అల్లంతో టీ పెట్టుకోండి" అని తలుపు వేసేశారు. అంతవరకూ 'అది', 'దాన్ని' అన్న మనిషి 'మావాడు' అన్నది విని భీమేశ్వరరావుగారు గోడకి ఆనుకుని నిలబడిపోయారు.

"నిలబడతారేం? ఆ పంజరం పట్టుకురండి!"

ఈ మాటకి నేను బెదిరాను. మళ్లీ వాణ్ణి నాలో పెడతారేమో! పెట్టలేదు. నన్ను హాల్లో గోడకి ఆనించి, లోపల వైఫై డబ్బా, ప్లగ్గుల బోర్డు, తీగలన్నీ చుట్టి పెట్టి గడియ వేశారు. దొరబాబు ఇల్లంతా తిరుగుతాడు. రోజూ వచ్చి నా చువ్వ ఒకటి కొరికి చూసి, లాభం లేదని కొత్తిమీర కోసం వంటింట్లోకి పోతాడు.

లోపల ఆ డబ్బా ఆకుపచ్చ దీపాలు మిణుకుమిణుకుమనిపిస్తూ హాయిగా కూర్చుంది. బయటికి పోవాలని చూడని ఖైదీ నాకు ఇన్నాళ్లకు దొరికాడు.