తీసి బిగించిన తలుపు

డుంబ్రిగుడ దగ్గర కాఫీ రైతుల సంఘానికి ఆఫీసు కట్టే పని వచ్చినప్పుడు ఇంజనీరు సుమ ఒకటే షరతు పెట్టింది. పాతది దొరికినంత వరకూ కొత్తది కొనకూడదు, కట్టింది రేపు మళ్లీ విప్పుకోవడానికి వీలుండాలి. అందుకే దూలాలకు సిమెంటు తగలనివ్వకుండా బోల్టులు వేయించింది. ఇటుక పగలకుండా ఊడొస్తుందని గోడలకు సున్నం వాడింది. కొండవాలులో ముప్పయ్యేళ్లుగా మూతపడి ఉన్న మిషను ఆసుపత్రిని కూలుస్తున్నారని తెలిసి, యంత్రం రాకముందే వెళ్లి పెంకులు, గుగ్గిలం దూలాలు, తలుపులు ఒక్కొక్కటీ విప్పించి తెచ్చింది.

జనవరిలో ఆఫీసు తెరిచారు. మూడు వారాలకి, అక్కడ కాఫీ గింజల నాణ్యత చూసే డాలీ ఫోన్ చేసింది. రోజూ మధ్యాహ్నం మంచు దిగే వేళకి వెనక తలుపు ఎవరో కొడుతున్నారని చెప్పింది. సరిగ్గా మూడుసార్లు. తీస్తే ఎవరూ ఉండరు. చప్పుడు మాత్రం నడుముకన్నా కిందనుంచి వస్తోందట.

చలికి చెక్క బిగుసుకుంటోందనుకుంది సుమ. విజయనగరం నుంచి వచ్చి, వడ్రంగి సోంబరు చేత చిత్రిక పట్టించింది, బందులు మార్పించింది. మర్నాడు తనే తలుపు పక్కన కూర్చుంది. మూడు గంటలకు చప్పుడైంది. వెంటనే తీసింది. ఎదురుగా కాఫీ మొక్కలు, మంచు. గడప మీద చిన్న తడి మరక. మంచు వల్లేననుకుంది గానీ ఆ సాయంత్రమంతా తలుపుకు వీపు పెట్టి కూర్చోలేకపోయింది.

దాన్ని తగలబెట్టేద్దామన్నారు ఆఫీసువాళ్లు. సోంబరు ఒప్పుకోలేదు. తలుపు వచ్చిన ఆ ఆసుపత్రిలో ఆయాగా చేసిన వరమ్మ పక్క ఊళ్లోనే ఉంటుందనీ, ముందు ఆమెను అడగాలనీ అన్నాడు.

వరమ్మకు అరవై దాటాయి. వచ్చీ రాగానే తలుపు మీద చెయ్యి వేసి, గడియ కింద వేసిన మాసికను వేళ్లతో తడిమి చూసింది. అది వార్డు తలుపని చెప్పింది.

"కలరా వచ్చిన ఏడు. ఓ గుంట, ఇంత సిన్న ఆడపిల్ల. దాని తల్లి లోపలుంది. ఎవుల్నీ రానివ్వొద్దని నర్సమ్మ సెప్పినాది. గుంట మూడుసార్లు కొట్టినాది. నాను తియ్యనేదు. ఇంటికి పో అని లోపల్నుంచే అన్నాను."

ఆ సాయంత్రం దారిలోని గెడ్డ వాగు పొంగింది. పిల్ల ఇల్లు చేరలేదు. మూడో రోజున ఒడ్డున శవమై దొరికింది. తల్లి మాత్రం బతికింది. కూతురు గుమ్మం దాకా వచ్చిందని వరమ్మ ఆమెకు ఏనాడూ చెప్పలేదు.

ప్రతి చెక్కకూ నంబరు వేసి, పొడవూ వెడల్పూ రాసుకున్న సుమకు, ఆ తలుపు ముందు ఎవరు నిలబడ్డారో అడగాలని తోచనేలేదు. నాలుగు బోల్టులు విప్పితే చాలు, ఇప్పుడే తీసేస్తానంది.

"ఒద్దు మేడమ్. ఎక్కడికి పట్టుకెల్తే ఆ గుంట అక్కడికే వస్తాది," అంది వరమ్మ.

వరమ్మ స్టూలు లాక్కుని తలుపు దగ్గర కూర్చుంది. డాలీ సుమ చెయ్యి పట్టుకుంది. మూడయింది. తలుపు మీద మూడుసార్లు చప్పుడైంది. వరమ్మ గోడ పట్టుకుని లేచి, గడియ తీసి, తలుపు బార్లా తెరిచింది.

"రా అమ్మా. సలిగా ఉంది. లోపలికి రా."

చల్లటి గాలి గదిలోకి వచ్చింది. బల్లల మీది కాగితాలు ఈ చివరనుంచి ఆ చివరదాకా వరసగా కదిలి ఆగిపోయాయి. వరమ్మ కాసేపు ఆగి, మెల్లగా తలుపు వేసింది.

ఆ తర్వాత చప్పుడు లేదు. వానలకు ముందు పెంకులు సరిచూడటానికి సుమ వచ్చినప్పుడు, వరమ్మ అదే చోట కూర్చుని ఉంది. రోజూ మధ్యాహ్నం వస్తుందనీ, చీకటి పడితే గానీ వెళ్లదనీ డాలీ చెప్పింది. ఆమె పక్కన బెంచీ మీద చిన్న దుప్పటి పరిచి ఉంది. దాని మీద ఎవరూ కూర్చోరు.

ఇప్పుడు ఎవరూ తలుపు కొట్టడం లేదు కదా, ఇంత దూరం నడిచి రావడమెందుకని సుమ మెల్లగా అడిగింది.

వరమ్మ దుప్పటి అంచు సరిచేసింది.

"లోపలికొచ్చినాది గదా. ఒక్కదాన్ని ఎలాగ ఒగ్గీసి ఎల్తాను?"

సుమ చెప్పులు విప్పి, బెంచీకి ఇవతల నేల మీద కూర్చుంది.