దండెం మీద లేని చీర

బిందుమాధవికి అన్నిటికన్నా పెద్ద భయం, తన నాలుగేళ్ళ కూతురు మనస్వి, తండ్రి కెమెరా ముందు నిజంగా ఏడవడం.

ఆ పొద్దున దండెం మీది బట్టలు తీస్తుంటే ఒక చీర తగ్గింది. పసుపుపచ్చ నూలుచీర, చెంగు పీలికలైపోయిన పాతది. ఆ చెంగు పిడికిట్లో లేకపోతే మనస్వికి నిద్ర పట్టదు. దాన్నెవరు పట్టుకుపోతారు? అత్తగారు సుబ్బరావమ్మని అడిగితే, "పాతగుడ్డ కోసం ఇల్లంతా పీకుతావేంటే? మొగుడు సినిమా తీస్తున్నాడు, పట్టుచీరలు కొంటాడులే" అంది.

బిందుమాధవి మనసు మాత్రం నిన్నటి అన్నాల దగ్గరికి పోయింది. భర్త వీరబాబు, కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముద్దలు పెట్టాడు. పిల్ల పుట్టాక ఎన్నడూ పెట్టని మనిషి! పెడుతూ పెడుతూ, "బంగారూ, నీకు దేనికి భయం? చీకటంటేనా, అమ్మ లేకపోతేనా?" అని అడిగాడు. "అమ్మ లేకపోతే" అంది పిల్ల. ఆయన నవ్వి ఇంకో ముద్ద కలిపాడు.

ఆ నవ్వు ఆమెకు కొత్త కాదు. పర్చూరులో పెళ్ళిఫోటోలు తీసుకునే వీరబాబు కోసం హైదరాబాదులో హీరోలు వరసకట్టే రోజు ఎట్లా వచ్చిందో ఆమెకే తెలుసు. మనిషి కళ్ళలోంచి నిజాన్ని తీస్తాడని పేపర్లు రాశాయి. ఎట్లా తీస్తాడో రాయలేదు. ఎవరికి ఎక్కడ నొప్పో ముందే కనుక్కుని, క్లిక్ నొక్కబోయే ముందు మెల్లిగా ఆ మాట అనేవాడు. చచ్చిపోయిన తల్లి పేరు, వదిలేసి పోయినవాడి పేరు. ఆ విద్య నేర్చింది ఇంట్లోనే. ఇంటర్ మొదటేడు మాన్పించి పెళ్ళిచేస్తే వచ్చిన పెళ్ళాం బిందుమాధవి ఉందిగా, లైట్లు సరిచూసుకోవడానికి స్టూలు మీద కూర్చునేది. ఒకనాడు, "మీ నాన్న పోయాడంట, ఇప్పుడే ఫోనొచ్చింది" అన్నాడు. క్లిక్. నాన్న ఆ వేళకి పొలంలో పత్తికి మందు కొడుతున్నాడు. ఆ ఫోటోకి బహుమతి వచ్చింది. ప్రదర్శనలో దాని పక్కనే నిలబడి ఉన్న ఆమెను ఒక పెద్దాయన, "అమ్మాయ్, కాఫీ ఎక్కడిస్తున్నారు?" అని అడిగాడు.

"నీ మొహానికి పేరు తెచ్చాను, ఇంకా ఏడుపేంటి?" అనేవాడు వీరబాబు.

ఇప్పుడిది ఆయన మొదటి సినిమా. షూటింగ్ కోసమే పర్చూరు వచ్చారు. ఊరవతల మిరప కల్లంలో తల్లిని వెతుక్కుంటూ ఏడ్చే పిల్లగా మనస్వి. "నువ్వు రామాకు, నిన్ను చూస్తే అది నవ్వుద్ది" అని చెప్పి మరీ ఆ పొద్దున్నే పిల్లని తీసుకెళ్ళాడు.

బిందుమాధవి స్టవ్ కట్టేసి ఆటో ఎక్కింది.

కల్లం నిండా ఎర్రటి కాయలు. ఘాటుకి యూనిట్ వాళ్ళంతా కళ్ళు తుడుచుకుంటున్నారు. చివర పాడుబడ్డ బావి. గట్టు మీద పసుపుపచ్చ చీర. దాని ముందు మనస్వి. వీరబాబు గొంతుక్కూర్చుని పిల్ల భుజం మీద చెయ్యేసి చెబుతున్నాడు.

"అమ్మ ఇందులో పడిపోయింది నాన్నా. ఇంక రాదు."

పిల్ల పెదాలు అదురుతున్నాయి.

"మనూ!" బిందుమాధవి కెమెరాకి అడ్డంగా నడిచింది. పిల్ల వచ్చి కాళ్ళకి చుట్టుకుంది.

"కట్! ఎవడ్రా దీన్ని రానిచ్చింది? బంగారంలాంటి షాటు! సినిమా గురించి నీకేం తెలుసే, ఇంటర్ కూడా దాటలేదు!"

"సినిమా తెలీదండీ. మీరు తెలుసు." చీర తీసి భుజాన వేసుకుంది. "మా నాన్న దగ్గరికి పోతున్నాం. ఆయన బతికే ఉన్నాడు."

నాలుగడుగులు వేసిందో లేదో, వెనక అసిస్టెంటు గొంతు. "సార్, తొడిమలు తీసే ఆదెమ్మకి కూతురుంది, జెస్సీ అని. కళ్ళు బాగుంటాయి."

"పిలువ్. వాళ్ళమ్మని ముందు ఎక్కడికన్నా పంపించు."

బిందుమాధవి పిల్లని చంకనేసుకుని కాయల రాశి దగ్గరికి పరుగెత్తింది. "ఆదెమ్మా, నీ పిల్లని వదిలి కదలకు. నువ్వు చచ్చావని చెప్పి ఏడిపిస్తాడు."

ఆదెమ్మ మొహానికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి ఎగాదిగా చూసింది. "మీ పాపకి చేతకాకపోతే మా పిల్ల చెయ్యకూడదా అమ్మా? మీరేమో తెర మీదా, మేం ఈ ఘాట్లోనా?"

జెస్సీ అప్పటికే ఐసుపుల్ల చీకుతూ బావి వైపు నడుస్తోంది.

షూటింగ్ ఇంకా అక్కడే జరుగుతోంది. పర్చూరు వైపు వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే, ఆ కల్లం దగ్గర కాసేపు ఆగండి. జెస్సీని పిలిచి, "మీ అమ్మేదమ్మా?" అని అడగండి. ఆ పిల్ల కాయల రాశి వైపు చెయ్యి చూపిస్తుందో, బావి వైపు చూస్తుందో, దయచేసి చూసి రండి.